మూడో ఆదివారం ప్రకటన: కట్నం, వాటా, మన క్రైస్తవ ఇళ్లు

ఈ వారం నిజానికి పిల్లల చేతిలో ఫోన్ల గురించి మాట్లాడాలని రాసి పెట్టుకున్నాను. అది పక్కన పెట్టేశాను. పోయిన మంగళవారం రాత్రి ఒక మెసేజ్ వచ్చింది. రాసిన అమ్మాయి పేరు, ఊరు చెప్పను. ఒకటి రెండు వివరాలు కూడా మార్చాను. ఆమెని అడిగే చదువుతున్నాను.

“బ్రదర్, నాకు 26 ఏళ్లు. నర్సుగా చేస్తున్నాను. మా సంఘంలో నా పెళ్లి ప్రకటన రెండు ఆదివారాలు చదివారు. ప్రధానం రోజు అనుకున్నది కాకుండా ఇప్పుడు అబ్బాయి వాళ్లు కారు అడుగుతున్నారు. నాన్న అరెకరం బేరం పెట్టాడు. అయ్యగారికి చెప్తే, కొంచెం సర్దుకోండమ్మా, ప్రార్థన చేద్దాం అన్నారు. మూడో ఆదివారం కూడా ‘ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయండి’ అని అడుగుతారు కదా. నా పెళ్లికి నేనే లేచి అభ్యంతరం చెప్పొచ్చా?”

ఇది చదివాక రెండు రోజులు నాకు జవాబు రాయడానికి చెయ్యి రాలేదు.

మన ఎపిసోడ్లు చూసేవాళ్లలో క్రైస్తవులు కానివాళ్లు కూడా చాలామంది ఉన్నారు కాబట్టి ఈ ప్రకటన అంటే ఏంటో చెప్తాను. మా సంఘాల్లో పెళ్లి కుదిరాక వరసగా మూడు ఆదివారాలు, ఆరాధన మధ్యలో, అయ్యగారు అంటే మా పాస్టరు గారు ఒక కాగితం చదువుతారు. ఫలానా వారి అబ్బాయికీ ఫలానా వారి అమ్మాయికీ వివాహం జరగబోతోంది, న్యాయమైన అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పండి అని. అబ్బాయికి ఇంతకుముందే పెళ్లయిందా, అమ్మాయికి వయసు వచ్చిందా, ఇద్దరికీ వరస కుదురుతుందా, ఇలాంటివి దాచిపెట్టి పెళ్లి చేయకుండా ఉండడానికి పెట్టిన పద్ధతి. చిన్నప్పటి నుంచి నేను ఎన్ని వందల ప్రకటనలు విన్నానో లెక్క లేదు. ఒక్కసారి కూడా ఎవరూ లేవలేదు. ఆ రెండు క్షణాల నిశ్శబ్దంలో ఎవరో దగ్గుతారు, పసిపిల్ల ఏడుస్తుంది, అయ్యగారు తర్వాతి పాట నంబరు చెప్పేస్తారు.

ఆ నిశ్శబ్దంలో నా వాటా కూడా ఉంది. అది ముందు చెప్పకుండా కట్నం మీద మాట్లాడితే ఈ ఎపిసోడ్ అబద్ధం అవుతుంది.

నా పెళ్లి 2003లో అయింది. అప్పటికి నేను యూత్ మీటింగుల్లో వాక్యం చెప్పేవాణ్ణి. కట్నం తప్పు అని కూడా ఒకసారి చెప్పాను, బాగా చెప్పావని అందరూ చెయ్యి కలిపారు. మాటలు మా ఇంటి ముందు గదిలో జరిగాయి. మా నాన్న, మా మేనమామ, సంఘ పెద్ద ఒకాయన, అటు మా మామగారు, ఆయన అన్నగారు. నేను లోపలి గదిలో ఉన్నాను, తలుపు ఓరగా వేసి ఉంది, ప్రతి మాటా వినపడుతోంది. వాళ్లు రెండు అన్నారు, మావాళ్లు నాలుగు అన్నారు, మూడు లక్షల దగ్గర తెగింది. ఆడపడుచు లాంఛనం వేరే. తెగగానే ఆ పెద్దాయన “మరి ప్రార్థన చేసుకుందామా” అన్నారు. నన్ను పిలిచారు. వెళ్లి నిలబడి తల వంచాను. ఆమెన్ కూడా అన్నాను.

ఆ మూడు లక్షలు మా ఇంట్లో ఎనిమిది నెలలే ఉన్నాయి. మా చెల్లి పెళ్లికి వెళ్లిపోయాయి. అక్కడ మా బావగారి తండ్రి వాటితో పాత అప్పు తీర్చుకున్నారు. మా నాన్న చెడ్డవాడు కాదండి, స్కూలు టీచరుగా రిటైరైన మనిషి, ఎవరి దగ్గరా అరువు పైసా ఉంచుకోలేదు. “ఒక చేత్తో తీసుకోకపోతే ఇంకో చేత్తో ఎలా ఇవ్వనురా” అని ఒకసారి అన్నాడు. ఇళ్ల మధ్య ఆ డబ్బు ఎలా తిరుగుతుందో మీరే చూడండి. మా ఆవిడ తండ్రి పొలం అమ్మితే వచ్చిన డబ్బుతో ఎవరో తెలియని ఒక పెద్దమనిషి అప్పు తీరింది. మా ఆవిడ చేతికి అందులో ఒక్క నోటు కూడా రాలేదు.

2016లో మా మామగారు పోయారు. కృతజ్ఞత కూడిక అయిన వారానికి బావమరుదులు ఇద్దరూ ఒక కాగితం తెచ్చారు. తండ్రి పొలంలో నాకు హక్కు లేదు, అన్నదమ్ములకు విడిచిపెడుతున్నాను అని రాసి ఉంది. మా ఆవిడ దాన్ని రెండుసార్లు చదివింది. “మరి నా వాటా?” అని అడిగింది, గొడవ పడే గొంతుతో కాదు, నిజంగా తెలియక అడిగినట్టు. పెద్ద బావమరిది ఏమన్నాడంటే, “నీ వాటా అప్పుడే మీ మామగారి చేతిలో పెట్టాం కదమ్మా.”

ఆమె తిరిగి నా వైపు చూసింది.

సంతకం పెట్టేసింది. నేను పెట్టొద్దని అనలేదు. ఏ మొహం పెట్టుకుని అనగలను? ఆ రోజు రాత్రి మొదటిసారి చట్టం ఏం చెప్తుందో చదివాను. యాభై సార్లు బైబిలు స్టడీ చేయించిన మనిషిని, నా సొంత ఇంటికి ఏ వారసత్వ చట్టం వర్తిస్తుందో నాకు అప్పటిదాకా తెలియదు.

క్రైస్తవులకు వర్తించేది 1925 నాటి భారతీయ వారసత్వ చట్టం. తండ్రి వీలునామా రాయకుండా పోతే, ఆస్తిలో మూడో వంతు భార్యకు. మిగిలిన రెండు వంతులు పిల్లలందరికీ సమానంగా. కొడుకా, కూతురా, పెళ్లయిందా, కాలేదా, తేడా లేదు. పిత్రార్జితం, స్వార్జితం అనే గొడవ కూడా ఇందులో లేదు. ఉదాహరణకి ఒకాయనకి మూడెకరాలు ఉన్నాయి, భార్య, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్నారు అనుకోండి. భార్యకు ఎకరం. మిగిలిన రెండెకరాలు మూడు భాగాలు. అంటే కూతురికి 66 సెంట్ల పైచిలుకు. అన్నకి ఎంతో ఆమెకీ అంతే.

హిందూ ఆడపిల్లలకు తండ్రి సొంత ఆస్తిలో వాటా 1956 చట్టంతో వచ్చింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు మన ఆంధ్రప్రదేశ్‌లో 1986 సవరణతో వచ్చింది, దేశమంతటా 2005లో వచ్చింది. అంటే కాగితం మీద క్రైస్తవ ఆడపిల్ల ఎన్నో ఏళ్లు ముందుంది. పొలం గట్టు మీదికి వెళ్లి చూస్తే మాత్రం ఎక్కడా కనపడదు.

ఒకటి ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే కామెంట్లలో అడుగుతారు. మన సంఘాల్లో చాలామందికి సర్టిఫికెట్‌లో ఒక మతం, ఆదివారం ఒక మతం. దానికి 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు కారణం, ఆ బాధ వేరే, దాని మీద వేరే ఎపిసోడ్ చేయాలి. ఆ తిరకాసు వల్ల ఏ చట్టం కిందికి వస్తామో అని కొందరు అడుగుతారు. ఈ విషయంలో మాత్రం భయం లేదు. ఆ చట్టమైనా ఈ చట్టమైనా ఈ రోజున కూతురికి సమాన వాటాయే.

కేరళ సంగతి వేరుగా ఉండేది. పాత తిరువాన్కూరు సంస్థానంలో 1916లో క్రైస్తవులకు ఒక వారసత్వ చట్టం చేశారు. కూతురికి కొడుకు వాటాలో నాలుగో వంతు, లేదా 5,000 రూపాయలు, ఏది తక్కువైతే అది. దాని పేరు స్త్రీధనం. పెళ్లిలో అది ఇచ్చేస్తే, ఇస్తానని మాటిచ్చినా సరే, ఇక తండ్రి ఆస్తి అడగకూడదు. కొట్టాయం దగ్గర స్కూలు నడిపిన మేరీ రాయ్ గారు, రచయిత్రి అరుంధతీ రాయ్ తల్లి, దీని మీద కోర్టుకి వెళ్లారు. 1986లో సుప్రీంకోర్టు ఆ పాత చట్టం చెల్లదు, 1925 చట్టమే వర్తిస్తుంది అని తీర్పు చెప్పింది. ఆ తీర్పు గురించి చదువుతుంటే నాకు అనిపించింది ఏంటంటే, తిరువాన్కూరు వాళ్లు సిగ్గుపడకుండా చట్టంలో రాసుకున్నదాన్నే మనం రాయకుండా చేస్తున్నాం. “పెళ్లిలో ఇచ్చేశాం కదా, ఇక వాటా లేదు.” మా బావమరిది అన్నది అదే. ఆయనకి 1916 చట్టం గురించి తెలియదు పాపం.

ఇక్కడ ఒక వాదన వస్తుంది, మంచివాళ్లే చేస్తారు కాబట్టి దాన్ని తేలిగ్గా తీసేయలేం. “కట్నం అంటే ఆడపిల్ల వాటాయే కదండీ. అబ్బాయికి పొలం ఇస్తాం, అమ్మాయికి డబ్బు ఇస్తాం. దీంట్లో పాపం ఏముంది?” సరే, వాటా అనే అనుకుందాం. అయితే వాటా ఎవరి పేరు మీద ఉండాలి? వాటా ఎంత అని ఎవరు చెప్పాలి, తండ్రి ఆస్తా, అబ్బాయి జీతమా? నా పెళ్లిలో మూడు లక్షలు అన్నప్పుడు మా మామగారికి ఎన్ని ఎకరాలు ఉన్నాయని ఎవరూ అడగలేదు. నా ఉద్యోగం ఏంటి, పర్మనెంటా కాదా అని చూసి చెప్పిన రేటు అది. కొడుకు వాటా తండ్రి తదనంతరం వస్తుంది, భూమిగా వస్తుంది, ధర పెరుగుతూ వస్తుంది. కూతురు “వాటా” పెళ్లికి ముందే అమ్ముడుపోతుంది, నోట్లుగా మారుతుంది, వేరే ఇంటి బీరువాలోకి వెళ్తుంది. రేపు భర్త పోయినా, వదిలేసినా, కొట్టి పంపించినా ఆమె తిరిగి వచ్చేది పుట్టింటికే. అక్కడ వదినగారు తలుపు తీస్తుంది. ఆ ఇంట్లో ఆమె పేరు మీద ఒక గోడ కూడా ఉండదు.

మాటల్లో తమాషా కూడా చూడండి. మన కోస్తాలో కూతురికి రాసిచ్చే పొలాన్ని “పసుపు కుంకుమ కింద ఇచ్చాం” అంటారు. బొట్టు పెట్టుకోని మా ఇళ్లల్లో కూడా ఆ మాటే వాడతారు! అయినా ఆ పద్ధతి కట్నం కంటే వెయ్యి రెట్లు నయం, ఎందుకంటే పొలం ఆమె పేరు మీద ఉంటుంది. మా నాయనమ్మకి అలా 40 సెంట్లు ఉండేవి. ఆఖరిదాకా ఆ కౌలు డబ్బు ఆమె చీర కొంగులోనే ముడి వేసుకుంది. ఇంట్లో ఆమె మాటకి ఉన్న విలువలో ఆ ముడికి కూడా భాగం ఉందని నాకు పెద్దయ్యాక అర్థమైంది.

అదే నాయనమ్మ పెళ్లికి కట్నం లేదు. మా తాత వాళ్లే ఓలి ఇచ్చి చేసుకున్నారు. ఓలి అంటే మగపెళ్లివారు ఆడపిల్ల తండ్రికి ఇచ్చేది. ఈ మాట ఇప్పటి పిల్లలకు తెలియదు, కానీ మన తెలుగు బైబిల్లో ఉంది. ఆదికాండం 34లో షెకెము దీనా కోసం ఇస్తానన్నది ఓలి. యాకోబు దగ్గర ఇవ్వడానికి డబ్బు లేదు కాబట్టి రాహేలు కోసం ఏడేళ్లు గొర్రెలు కాశాడు. బైబిల్లో పెళ్లికొడుకు తరఫువాళ్లు ఇవ్వడం కనపడుతుంది. పెళ్లికూతురి తండ్రి దగ్గర పెళ్లికొడుకు తండ్రి కూర్చుని ఇంత ఇస్తేనే అని బేరం ఆడిన సంగతి నేను వెతికినంతలో ఎక్కడా లేదు. అందుకని ఓలి గొప్పది అనడం లేదు. గురజాడ అప్పారావు గారి ‘కన్యాశుల్కం’ 1892లో మొదటిసారి ఆడినప్పుడు ఆ నాటకం కోప్పడింది కట్నం మీద కాదు, డబ్బు తీసుకుని చిన్నపిల్లల్ని ముసలివాళ్లకి కట్టబెట్టే తండ్రుల మీద. డబ్బు ఏ వైపు నుంచి ఏ వైపుకి వెళ్లినా మధ్యలో ఉన్నది ఆడపిల్లే.

మరి మా తాత తరంలో ఇచ్చినవాళ్లు మా నాన్న తరానికి పుచ్చుకునేవాళ్లు ఎలా అయ్యారు? మా ఇంట్లో అయితే నాకు స్పష్టంగా కనపడుతుంది. చదువు. మా నాన్న మిషన్ స్కూల్లో చదివి టీచరయ్యాడు. అప్పటిదాకా మా కుటుంబంలో అందరూ కూలికి వెళ్లినవాళ్లే, ఆడా మగా ఇద్దరూ. ఇద్దరి రెక్కలూ సమానమే, కట్నం అనే మాటకి చోటు లేదు. నెల జీతం వచ్చిన రోజున మగపిల్లాడికి రేటు వచ్చింది. పలక కూడా ముట్టనివ్వని మనుషులకి దేవుని దయ అని ఇచ్చిన చదువుని మనం తీసుకెళ్లి తక్కెట్లో పెట్టాం. ఇంకా విడ్డూరం, ఇప్పుడు అమ్మాయిలు కూడా సంపాదిస్తున్నారు. ఆసుపత్రుల్లో నైట్ డ్యూటీలు చేస్తున్నారు, కొందరు గల్ఫ్‌కి వెళ్లి ఇంటికి డబ్బు పంపుతున్నారు. నెల నెలా జీతం తెచ్చే అమ్మాయికి తగ్గించడం పోయి, “ఆమె జీతం ఉంది కదా, లోను పెట్టుకోవచ్చు” అని పెంచుతున్నారు. ఈ మాట నా చెవులతో విన్నాను, సంఘం వరండాలోనే.

ఆదికాండం 31వ అధ్యాయంలో ఒక చోట రాహేలు, లేయా మాట్లాడతారు. మనం ప్రసంగాల్లో పెద్దగా ఆగని చోటు. మా నాన్న మమ్మల్ని అమ్మేశాడు, మా కోసం వచ్చినదంతా తనే తినేశాడు, ఆయన ఇంట్లో మాకు ఇంకా ఏం మిగిలింది అని వాళ్ల బాధ. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ ఒకే మాట మీద ఉన్న సందర్భం బహుశా ఇదొక్కటేనేమో! వాళ్లు అడుగుతున్నది డబ్బు మీద ఆశతో కాదు. మా పేరు చెప్పి చేతులు మారినదాంట్లో మాకు ఏది అని. ఇరవై ఏళ్లుగా వాక్యం చెప్తున్న నాకు ఆ రెండు వచనాలు మా ఆవిడ నా వైపు చూసిన రోజు దాకా కనపడలేదు.

అలాగే సంఖ్యాకాండం 27. సెలోపెహాదు కుమార్తెలు అయిదుగురు, మహలా, నోయా, హోగ్లా, మిల్కా, తిర్సా, గుడారం ముందు అందరి ఎదుట నిలబడి, మాకు అన్నదమ్ములు లేరు, మా తండ్రి భాగం మాకివ్వండి అని అడిగారు. వాళ్లు అడిగింది న్యాయం అని దేవుడే మోషేతో చెప్పాడు. యోబు అయితే చివర్లో కొడుకులు ఉండగానే కూతుళ్లకి వాళ్ల సహోదరులతో పాటు స్వాస్థ్యం ఇచ్చాడు. ఆ కూతుళ్ల పేర్లు రాసి ఉన్నాయి, కొడుకుల పేర్లు లేవు.

సరే, ఇప్పుడు ఆ అమ్మాయి విషయానికి వస్తాను. ఆమెకి నేను రాసింది ఇక్కడ కూడా చెప్తాను, ఎందుకంటే ఇదే పరిస్థితిలో ఇంకా చాలామంది ఉంటారు.

మొదటిది, కారు అడగడమే నేరం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టంలో ఇవ్వడం, పుచ్చుకోవడం ఎలా నేరమో, అడగడం కూడా అలాగే నేరం. డబ్బు చేతులు మారే దాకా ఆగక్కర్లేదు. “ఇచ్చిన వాళ్లది కూడా తప్పే కదా, మేం కంప్లయింట్ ఇస్తే మమ్మల్నే లోపలేస్తారు” అని భయపెడతారు. బాధితులు ఇచ్చిన స్టేట్‌మెంట్‌ని పట్టుకుని వాళ్ల మీదే కేసు పెట్టకూడదని అదే చట్టం చెప్తుంది.

రెండోది, ఇది దాదాపు ఎవరికీ తెలియదు. ఆరో సెక్షన్. కట్నంగా ఎవరు ఏది పుచ్చుకున్నా, అది పెళ్లికి ముందే తీసుకుని ఉంటే పెళ్లయిన మూడు నెలల్లోపు ఆ అమ్మాయికే ఇచ్చేయాలి. ఇచ్చేదాకా అది వాళ్ల దగ్గర ఆమె తరఫున దాచిపెట్టిన సొమ్ము, అంతే. అంటే 2003లో మా నాన్న పుచ్చుకున్న మూడు లక్షలు చట్టం ప్రకారం మా ఆవిడవి. మా చెల్లి పెళ్లికి మేం వాడుకున్నది మా డబ్బు కాదు. మా ఇంట్లో ఎవరికీ అది దొంగతనంలా అనిపించలేదు. ప్రార్థన చేసి మొదలుపెట్టాం కదా!

మూడోది బహుమానాల సంగతి. అడగకుండా, ఆనవాయితీగా, తాహతుకి మించకుండా ఇచ్చేవాటిని చట్టం కాదనదు. కానీ వాటికి లిస్టు రాయాలి. 1985లో దీనికి రూల్స్ వచ్చాయి. వస్తువు ఏంటి, సుమారు విలువ ఎంత, ఇచ్చినవాళ్లు ఎవరు, వాళ్లు ఏమవుతారు అని రాసి, అమ్మాయి అబ్బాయి ఇద్దరూ సంతకం పెట్టాలి. నేను చూసిన ఇన్ని పెళ్లిళ్లలో ఆ లిస్టు ఒక్కటి కూడా చూడలేదు. మన దగ్గర చదివింపుల పుస్తకం మాత్రం పక్కాగా ఉంటుంది, నూటపదహార్లు ఎవరు చదివించారో కూడా రాస్తారు. కారు మాత్రం ఎందులోనూ ఉండదు.

ఇక్కడే సంఘం చేయగలిగిన పని ఉంది. పెళ్లి రిజిస్టరు అయ్యగారి దగ్గరే ఉంటుంది. అమ్మాయి వయసు సర్టిఫికెట్ అడుగుతారు, బాప్తిస్మం సర్టిఫికెట్ అడుగుతారు, ఫొటోలు అడుగుతారు. వాటితో పాటు సంతకాలు పెట్టిన ఆ లిస్టు కూడా తెస్తేనే మొదటి ప్రకటన చదువుతాం అంటే ఎవరాపుతారు? కట్నం మీద ఏడాదికి పది ప్రసంగాలు చెప్పే కంటే ఆ ఒక్క కాగితం ఎక్కువ పని చేస్తుందని నా అభిప్రాయం. అయ్యగారిని ఒక్కరినే నిందించడం కూడా సబబు కాదు. ఆయన జీతం ఆ పెద్దల చేతిలోనే ఉంటుంది. ఆయనకీ ఇద్దరు కూతుళ్లు ఉంటారు. లేచి నిలబడాల్సింది మొదట ముందు వరసలో కూర్చునే మనం.

మార్కు ఏడో అధ్యాయంలో యేసు ప్రభువు కొర్బాను గురించి మాట్లాడతాడు. తల్లిదండ్రులకు ఇవ్వాల్సినదాన్ని “ఇది దేవార్పితం” అని పేరు పెట్టి ఎగ్గొట్టేవాళ్ల మీద ఆయన కోపం. మనం కూడా కట్నం అనం. “కానుక” అంటాం, “దీవెనకరంగా ఇచ్చారు” అంటాం. “మేం అడగలేదు బ్రదర్, దేవుడే వాళ్ల హృదయాల్ని ప్రేరేపించాడు” అని ఒకాయన నాతో అన్నాడు. దేవుడు ప్రేరేపించేటప్పుడు మోడలు, కలరు కూడా చెప్తాడా అని అడగాలనిపించింది. అడగలేదు.

ఇక నాన్నగారు అమ్మకానికి పెట్టిన అరెకరం. ఆ అమ్మాయికి నేను గట్టిగా రాసింది ఇదే. అమ్మా, నాన్న నీ కోసం ఆ అరెకరం వదులుకోవడానికి సిద్ధంగానే ఉన్నాడు కదా. అయితే అమ్మొద్దని చెప్పు. నీ పేరు మీద రాయమను. రిజిస్ట్రార్ ఆఫీసులో సెటిల్‌మెంట్ దస్తావేజు చేయిస్తే సరిపోతుంది, కన్నబిడ్డకి రాసేదానికి స్టాంపు డ్యూటీ కూడా బయటివాళ్లకి అమ్మినదాని కంటే తక్కువే. అన్నదమ్ముల్ని కూడా కూర్చోబెట్టి చెప్పు. నాన్న ఖర్చులో తేడా లేదు. ఎవరి పేరు మీదికి వెళ్తుందనేదే తేడా. ఆ అబ్బాయికి కావాల్సింది నువ్వు అయితే, ఆ పొలం నీ పేరు మీద ఉన్నా అతనికి నష్టం ఏమీ లేదు. అది విన్నాక అతని మొహం ఎలా మారుతుందో పెళ్లికి ముందే చూసుకో.

తండ్రులకి ఒక హెచ్చరిక కూడా. మన చట్టంలో వీలునామా రాస్తే అది చెప్పిందే చెల్లుతుంది. మొత్తం ఆస్తి కొడుకులకే అని రాసినా చెల్లుతుంది. కాబట్టి చట్టంలో సమాన వాటా ఉందిలే అని ఆడపిల్లలు ధీమాగా ఉండడానికి లేదు. సంఘంలో మన చుట్టూ ఉన్న వీలునామాల్లో చాలావరకు ఎలా రాసి ఉంటాయో మీకూ తెలుసు.

మెసేజ్‌లో నిజమైన ప్రశ్న మిగిలింది. లేచి అభ్యంతరం చెప్పొచ్చా? చెప్పొచ్చు. అభ్యంతరం ఎవరికైనా అని అడుగుతారు, పెళ్లికూతురు తప్ప అని అడగరు. కానీ ఒక్కదాన్నే ఆ పని మీద వదిలేయడం నాకు ఇష్టం లేదు. నేను ఆమెకి రాశాను, ఆదివారం కంటే ముందే శనివారం సాయంత్రం అయ్యగారి దగ్గరికి వెళ్లు, ఒంటరిగా వెళ్లకు, నాన్నని, సంఘంలో నీకు నమ్మకమైన ఒక పెద్దావిడని వెంటబెట్టుకుని వెళ్లు, కారు తేలేదాకా మూడో ప్రకటన చదవొద్దని అడుగు అని.

మా ఇంటి సంగతి కూడా ముగిస్తాను. 2016 తర్వాత మేం ఊరి బయట 150 గజాల స్థలం ఒకటి కొన్నాం. పూర్తిగా మా ఆవిడ పేరు మీదే రిజిస్టర్ చేయించాను. కాగితాలు చేతిలో పెట్టి, “ఇదిగో, నీ మూడు లక్షలు” అన్నాను, కొంచెం గొప్పగానే. ఆమె కాగితాలు తిరగేసి, “వడ్డీ ఎవరిస్తారండీ?” అంది. నవ్వుతూనే అంది. నేను కూడా నవ్వాను. ఆ రాత్రి కూర్చుని నిజంగానే లెక్క వేశాను, ఇంకా చాలా బాకీ ఉన్నాను. ఈ ఎపిసోడ్‌లో ఇదంతా చెప్పొచ్చా అని అడిగితే, “మా అన్నయ్య పేరు మాత్రం చెప్పకండి, వాడి కూతురి పెళ్లి చూపులు జరుగుతున్నాయి” అంది.

నిన్న రాత్రి ఆ అమ్మాయి దగ్గర నుంచి మళ్లీ మెసేజ్ వచ్చింది. శనివారం ముగ్గురూ కలిసి అయ్యగారి ఇంటికి వెళ్లారట. అమ్మగారు కూడా వచ్చి కూర్చున్నారట. ఆదివారం మూడో ప్రకటన చదవలేదు. అబ్బాయి తరఫు వాళ్లు ఇంకా ఏమీ చెప్పలేదు. వాళ్ల నాన్న మాత్రం ఆ బేరం ఆపేసి, అరెకరం హద్దులు కొలిపించడానికి సర్వేయరు కోసం అప్లికేషన్ పెట్టాడట.

పిల్లల ఫోన్ల గురించి వచ్చే వారం మాట్లాడుకుందాం.